చిత్రకళయు జీవనోపాధియు

(పాఠశాల వార్షికోత్సవమునకు ముందు జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



పరీక్షా ఫలితములను గూర్చి మాటాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరియుండిరి. ఆ అంకెలన్నియు వార్షిక నివేదికలో అచ్చైయున్నవి. ఇంటికి పోయి తీరికగా చదువుకొనవచ్చును. కావున నాకిచ్చిన అర్ధగంటను వేరొక విషయమునకు వినియోగించుటకు అధ్యక్షులవారి అనుమతి వేడుచున్నాను.

అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన పిమ్మట ఒక తండ్రిగారు నా గదికి వచ్చి, "మాస్టరుగారూ, మా అమ్మాయికి లెక్కలలో మార్కులు తగ్గినవి. ఆ బొమ్మల క్లాసు మానిపించండి. బొమ్మలు కూడు పెట్టవు గదా!" అనిరి. ఆయన కోపముతో అన్నమాట కాదు. వారి ఇంట మూడు తరములవారు తంజావూరు చిత్తరువులు వ్రాసి జీవించినవారే. ఆయనయు చిన్ననాట పలకకు సుద్ద పూసినవారే. ఇప్పుడు ఒక దుకాణమున గుమాస్తాగా ఉన్నారు. బొమ్మలు కూడు పెట్టవని ఆయన పుస్తకములలో చదివి చెప్పలేదు, అనుభవించి చెప్పినారు. అట్టివారికి "కళ పవిత్రమైనది" అని ఉపన్యసించుట అవివేకము. ఆ కూడు ఎచ్చటికి పోయినదో విచారించుట మంచిదని నాకు తోచినది. నేటి ప్రసంగము ఆ విచారణయే.

తమిళదేశమున స్థిరపడిన మన తెలుగువారికి ఈ విషయముతో దగ్గర సంబంధమున్నది. తంజావూరును 1532 మొదలు 1673 వరకు ఏలిన నాయకరాజులు తెలుగువారు. వారి కాలమునను, అటుపిమ్మటను ఆంధ్రదేశమునుండి ఇచ్చటికి వచ్చిన చిత్రకారుల సంతతివారే తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతముల రాజులు. మదుర ప్రాంతమున నాయుడులు. తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులు, ముఖ్యముగా 1798 నుండి 1832 వరకు పాలించిన రెండవ శరభోజి మహారాజు, వీరిని పోషించిరి. 1855లో ఆ సంస్థానము అంతరించినది. దర్బారు పోయినది గాని బొమ్మలు వ్రాయు చేతులు పోలేదు. చెట్టియార్ల ఇండ్లకును, భజన మందిరములకును, తెల్లదొరలకును బొమ్మలు వ్రాసి వారు బ్రతికిరి. అనగా వర్తకమనునది ఈ కళకు నేడు క్రొత్తగా పట్టిన చీడ కాదు. కొనువాడు మారుచుండెను, అమ్ముట ఎప్పుడును ఉన్నది.

అయితే ఒక విశేషము గమనింపుడు. ఆ పాత చిత్తరువులు నేడు ఎన్నో ప్రదర్శనశాలలలో ఉన్నవి. వాటిపై చిత్రకారుని పేరు కనబడుట మిక్కిలి అరుదు. నవనీత కృష్ణుని పేరు తెలియును, వ్రాయించుకొన్న ప్రభువు పేరు తెలియును, దానిని అమ్మిన వ్యాపారి పేరును తెలియవచ్చును. వ్రాసినవాడు మాత్రము "తంజావూరు చిత్రకారుడు" అయినాడు. పేరు లేనివానిని వెదకికొని రెండవసారి ఎవడును రాడు. బొమ్మ నచ్చినవాడు ఆ బొమ్మను కొన్న దుకాణమునకే పోవును. కూడు పోయిన మొదటి త్రోవ ఇది.

రెండవ త్రోవ లెక్క. ఇది కొంచెము విపులముగా చెప్పవలసి యున్నది. లెక్కల ఉపాధ్యాయులు నన్ను క్షమింతురు గాక.

తంజావూరు పటము ఎట్లు తయారగునో మీలో కొందరికి నాకంటె బాగుగా తెలియును. పనసపలకపై గుడ్డను చింతగింజల జిగురుతో అతికించి, దానిపై సుద్దను జిగురుతో కలిపి పలుమారులు పూసి, ఆరినపిదప నునుపుచేసి, రేఖలు వ్రాసి, నగలును మంటపమును ఉబ్బెత్తుగా తీర్చి, రాళ్లు పొదిగి, బంగారురేకు అద్ది, చివర రంగులు వేయుదురు. మధ్యమ ప్రమాణముగల పటమొకటి తీసికొందము. నేను చెప్పు అంకెలు బజారు ధరలు కావు, లెక్క నేర్చుటకై కల్పించినవి. పలక, గుడ్డ, రేకు, రాళ్లు, రంగులు కలిసి 2,400 రూపాయలు. పని 12 దినములు. దినమునకు 700 రూపాయల వంతున 8,400. చట్రమునకును అద్దమునకును 900. మొత్తము 11,700. కొన్ని పటములు చెడునని, అమ్ముడుపోక నిలుచునని అనుకొని నూటికి పది చేర్చినచో 12,870 రూపాయలు. ఇది తయారీ ఖర్చు.

ఇప్పుడు దుకాణదారుడు, "నేను అమ్మిపెట్టెదను, అమ్మిన ధరలో మూడవ వంతు నాది" అనును. అందు అన్యాయమేమియు లేదు. అతనికి అద్దె, దీపములు, పనివారు ఉన్నారు. మన చిత్రకారుడు 12,870లో మూడవ వంతు 4,290 అని లెక్కించి, రెండును కూడి 17,160 అని చీటీ వ్రాసి ఇచ్చును. దుకాణదారుడు 17,160కి అమ్మి, అందులో మూడవ వంతు 5,720 తీసికొని 11,440 చేతిలో పెట్టును. చిత్రకారునికి 1,430 రూపాయల నష్టము. ఎవరును మోసము చేయలేదు! మూడవ వంతు దేనిలో అన్నది చూడకపోవుటయే జరిగినది. వెల 19,305గా వ్రాసియుండవలెను; అందు మూడవ వంతు పోగా 12,870 మిగులును. ఏడవ తరగతి పిల్లవాడు చేయగల లెక్క యిది.

మరియొక మాట. పై లెక్కలో దినమునకు 700 అని కూలి వేసితిమి. పెక్కు ఇండ్లలో ఆ పంక్తియే ఉండదు. "ఇంటిలో కూర్చుండి చేయునదే గదా" అని తల్లి శ్రమను, భార్య శ్రమను, సెలవులలో పలకకు సుద్ద నూరిన పిల్లవాని శ్రమను సున్నగా వేయుదురు. సామానుల ఖర్చు తీసివేయగా మిగిలినదంతయు లాభమని సంతోషింతురు. ఆ లాభమును దినములచే భాగించి చూచినచో కూలివానికి వచ్చునంతయు రాదు. ఆ తండ్రిగారు తమ బాల్యమున చూచినది బహుశః ఈ లాభమునే.

బంగారమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. పెండ్లికి కానుకగా పటము కావలెనని ఒకరు వచ్చి, నేడు ధర మాటాడి, మూడు నెలలకు ఇమ్మందురు. ఈ మధ్య కాలములో రేకు ధర పెరిగినచో ఎవరు భరించవలెను? సగము పైకము ముందుగా పుచ్చుకొని, ఆ దినముననే రేకు కొని పెట్టెలో పెట్టుకొన్నవాడు నిశ్చింతగా నిద్రపోవును. ముందు పైకమడుగుట అమర్యాద యని మనవారు సంకోచింతురు. కుట్టుపనివాడు అడుగుచున్నాడు, కల్యాణమంటపమువాడు అడుగుచున్నాడు; చిత్రకారునికి మాత్రము మర్యాద అడ్డువచ్చును.

లెక్క తెలియకపోయినచో ప్రతిభయు రక్షింపదనుటకు పెద్ద ఉదాహరణ మున్నది. రాజా రవివర్మగారి (1848–1906) పటములు లేని పూజాగది మన దేశమున ఒకప్పుడు అరుదు. రాజులకు తైలవర్ణ చిత్రములు వ్రాసి ఆయన గొప్ప ధనమార్జించెను. సామాన్యులకు కూడ తన బొమ్మలు అందవలెనని 1894లో బొంబాయిలో రంగుల రాతి అచ్చు ముద్రణాలయము స్థాపించెను. జర్మనీ దేశమునుండి యంత్రములును, నిపుణులును వచ్చిరి. సోదరుడు రాజరాజవర్మగారు వ్యవహారములు చూచుచుండిరి. బొమ్మలు దేశమంతట వ్యాపించెను. అచ్చుకూటము మాత్రము అప్పులపాలయ్యెను. ఆ కాలమున బొంబాయిలో ప్లేగు వ్యాధి కూడ చెలరేగినది. లోణావళా సమీపమున మళవలి గ్రామమునకు దానిని తరలించిరి. తుదకు అందు పనిచేయుచుండిన ష్లైషర్ అను జర్మను నిపుణునికే, కొన్ని చిత్రముల ముద్రణ హక్కులతో సహా, అమ్మివేసిరి. ఆ అచ్చుకూటము ఆయన చేతిలో చాలకాలము నడచెను. వర్తకుల ప్రకటనలకును, క్యాలెండర్లకును అవే లక్ష్మీ సరస్వతులు ఉపయోగపడిరి. 1972లో అది అగ్నికి ఆహుతి యయ్యెను. రవివర్మగారి కుంచెకు లోపము లేదు, గిరాకికి లోపము లేదు. అచ్చుకూటము నడుపుట చిత్రరచనకంటె వేరైన విద్య. అది ఆ గృహమున లేదు. ఆయన చేసిన పని వ్యర్థమని నేననను. మన అవ్వల పూజాగదులకు దేవతల రూపము వచ్చినది ఆ నష్టపు వ్యాపారమువలననే గదా. కాని రవివర్మగారికి రాజుల ప్రాపు ఉండెను, నష్టమును తట్టుకొనిరి. మన పిల్లలకు అట్టి ప్రాపు లేదు.

ఇందుకు మారుగా మన సమీపమున జరిగిన ఇంకొక సంగతి వినుడు. మదరాసు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులుగానుండిన కె. సి. యస్. పణిక్కరుగారు తమ శిష్యులు చదువు ముగియగానే కుంచె పడవేసి ఏ గుమాస్తా పనికో పోవుట చూచి చింతించిరి. ఆ యువకుల చిత్రములు కొనువారు అప్పుడు లేరు. కావున వారందరు కూడి, సాయంకాలములందు బతిక్ అను మైనపు అద్దకపు గుడ్డలును, ఇతరములైన చేతిపని వస్తువులును తయారుచేసి అమ్మిరి. ఆ వచ్చిన ధనముతో 1966లో నగరమునకు దక్షిణమున ఇంజంబాక్కము సముద్రతీరమున కొన్ని ఎకరముల భూమి కొని చోళమండల కళాకారుల గ్రామము నిర్మించుకొనిరి. ముప్పదిమందికి పైగా చిత్రకారులును శిల్పులును అందు చేరిరి. అమ్ముడుపోవు వస్తువు ఒక చేత, అమ్ముడుపోని చిత్రము ఒక చేత పట్టుకొని వారు నిలిచిరి. పణిక్కరుగారు 1977లో గతించిరి. గ్రామము నేటికిని ఉన్నది. తూర్పు తీరపు రహదారిని పోవునప్పుడు పిల్లలను ఒకమారు అచ్చట దింపి చూపింపుడు.

గుడ్డ అమ్మి బొమ్మను నిలుపుకొన్నారని కొందరు దీనిని చులకన చేయుదురు. నాకు అది చులకనగా తోచదు. ఉదయము ట్యూషన్లు చెప్పి రాత్రి పద్యములు వ్రాసికొన్న తెలుగు పండితులను నేనెరుగుదును.

శ్రీకాళహస్తి కలంకారీ కథయు ఇట్టిదే. కరక్కాయ రసమున, గేదెపాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డపై, వెదురు కలముతో, ఇనుమును బెల్లమును నీటిలో పులియబెట్టి తీసిన నల్లరంగుతో రేఖలు వ్రాయుదురు. పటిక పూసి ఎరుపు పట్టింతురు. మధ్య మధ్య ఉదికి ఎండబెట్టుచుందురు. పూర్వము దేవాలయములలో వ్రేలాడదీయు రామాయణ భారత పటములే వ్రాసెడివారు. ఇరువదవ శతాబ్ది మధ్యమునకు ఆ గిరాకి సన్నగిల్లి, పని తెలిసినవారు కొలదిమంది మిగిలిరి. 1950ల చివరి భాగమున కమలాదేవీ చట్టోపాధ్యాయగారి ప్రోత్సాహముతో అచ్చట శిక్షణ కేంద్ర మేర్పడినది. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారి వంటి గురువులు నేర్పిరి. వారి కుమారులు గురప్పచెట్టిగారు 2008లో పద్మశ్రీ పొందిరి. నేడు చీరలపైనను, దుపట్టాలపైనను ఆ రేఖలు కనబడుచున్నవి. పటము కొనలేనివారు చీర కొనుచున్నారు. ఇంకొక సంగతి: ఆ పెద్ద పటములలో బొమ్మల క్రింద కథ తెలుగు అక్షరములలో వ్రాసియుండును. ఏ ప్రదర్శనశాలలోనైనను అట్టి పటము తటస్థపడినప్పుడు దాని ఎదుట నిలిచి చదువగల పిల్లలు ఈ రాష్ట్రమున ఎందరు? మన పాఠశాల పిల్లలు చదువగలరు. తెలుగు మాధ్యమము వలన ప్రయోజనమేమని అడుగువారికి నేను చెప్పు జవాబులలో ఇది యొకటి.

చిత్రము గిరాకి పొందగానే దానికి నకళ్లు పుట్టును. యంత్రముపై అచ్చువేసిన గుడ్డను కలంకారీ అని, కాగితముపై ముద్రించి తళుకు అంటించినదానిని తంజావూరు పటమని అమ్ముచున్నారు. ఈ రెండు కళలకును 1999 నాటి చట్టము క్రింద భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడును. అధికృత వినియోగదారుగా తన పేరు నమోదు చేయించుకొన్నవానికి ఉపయోగపడును. మీ ఇంటిలో ఈ పని చేయువారున్నచో నమోదు చేయించుకొనుడు. దరఖాస్తు వ్రాయుటకు మా కార్యాలయ గుమాస్తాగారు సహాయపడుదురు.

మనిషి పేరును కాపాడునది వేరొకటి, 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము. పుస్తకములకే గాక బొమ్మలకును అది వర్తించును. చిత్రకారుని జీవితకాలమును, ఆ పిమ్మట 60 సంవత్సరములును హక్కు నిలుచును. ఇందు మూడు సంగతులు మాత్రము జ్ఞాపకముంచుకొన వేడుచున్నాను. బొమ్మను కొన్నవాడు బొమ్మకే యజమాని. దానిని శుభలేఖలపై, క్యాలెండర్లపై అచ్చువేయు హక్కు అతనికి ఊరక రాదు, ఆ హక్కు వ్రాతపూర్వకముగా ఇచ్చిననే చెల్లును. అట్లిచ్చిన కాగితములో కాలము పేర్కొననిచో అయిదు సంవత్సరములకని చట్టము భావించును. అయితే, ఎవరైనను పైకమిచ్చి ఫలానా బొమ్మ వ్రాసిపెట్టుమని పురమాయించినప్పుడు, వేరు ఒప్పందము లేనిచో ఆ బొమ్మ హక్కునకు పురమాయించినవాడే మొదటి యజమాని యగును. కావున పురమాయింపు పనికి ముందుగానే రెండు పంక్తులు వ్రాసి ఇరువురును సంతకము చేయవలెను. స్నేహితుడైనను వ్రాయవలెను, స్నేహితుడైనచో మరింత వ్రాయవలెను.

అందరును స్వంత వ్యాపారము పెట్టవలెనని నా ఉద్దేశము కాదు. బాపుగారు (1933–2014) ఈ మదరాసులోనే న్యాయశాస్త్ర పట్టము పొంది, కుంచెనే నమ్ముకొనిరి. పత్రికలకు, పుస్తకములకు, ప్రకటనలకు వ్రాసిరి, తరువాత సినిమాలు తీసిరి. వడ్డాది పాపయ్యగారు చందమామకు ముఖచిత్రములు వ్రాసిరి. జీతముపై, పురమాయింపుపై పనిచేయుట కూడ గౌరవమైన మార్గమే. కొందరికి బేరమాడుట ఎంతమాత్రము చేతకాదు. వారిని బలవంతముగా దుకాణములో కూర్చుండబెట్టరాదు.

స్వంతముగా అమ్మదలచినవారికి నేడు పూర్వము లేని సౌకర్యమొకటి కలదు. ఫోనులో ఫోటో తీసి దూరదేశమునందలి తెలుగువానికి క్షణములో చూపవచ్చును; పైకము నేరుగా బ్యాంకు ఖాతాకు వచ్చును. మధ్యవర్తి లేకపోవుట లాభమే. కాని మధ్యవర్తి చేయుచుండిన పనులన్నియు ఇప్పుడు మన నెత్తిన పడును: పటము పగులకుండ కట్టుట, పంపుట, అద్దము పగిలినదని వ్రాసినవానికి ఓర్పుతో జవాబిచ్చుట, రసీదు వ్రాయుట, పన్ను లెక్క చూచుట. దుకాణదారుని మూడవ వంతు ఎందుకో అప్పుడు తెలియును! జవాబులు తెలుగుననే వ్రాసిన చాలదు. తమిళమున ఇరుగుపొరుగునకు, ఆంగ్లమున దూరపువానికి, పొందికగా నాలుగు వాక్యములు వ్రాయగలిగియుండవలెను. మా మూడు భాషల తరగతులు భారమని విసుగుకొను విద్యార్థులకు ఈ మాట చెప్పుడు.

ఆ తండ్రిగారితో నేను చెప్పినది ఇంతే: "అయ్యా, అమ్మాయి లెక్కలకు బొమ్మలు అడ్డము కాదు. బొమ్మలను నమ్ముకొన్నవారికి లెక్కలు అందరికంటె ఎక్కువగా కావలెను. రెండును ఉండనిండు. లెక్కలకు సాయంకాలము ఒక గంట నేనే చూచెదను." ఆయన ఒప్పుకొనలేదు, కాదనను లేదు, ఆలోచించెదననిరి. అమ్మాయి ప్రస్తుతము రెండు తరగతులకును వచ్చుచున్నది.

ఇక ఒక విజ్ఞప్తి. వార్షికోత్సవమునాడు చిత్రలేఖనపు గదిలో పిల్లల బొమ్మలు ప్రదర్శనకును, విక్రయమునకును ఉంచబడును. ప్రతి బొమ్మకు క్రింద పిల్లవాని సంతకమును, తేదీయును ఉండును. ప్రక్కన చీటీపై కాగితమునకెంత, రంగులకెంత, ఎన్ని గంటలు పట్టినది, వెల యెంత అని తొమ్మిదవ తరగతివారే లెక్క కట్టి వ్రాయుదురు. అమ్మిన పైకములో నాలుగవ వంతు పాఠశాల రంగుల నిధికి, తక్కినది వ్రాసిన పిల్లలకు. దయచేసి మీ పిల్లల బొమ్మను మీరే కొనవలదు. ప్రక్క ఇంటివారి పిల్లల బొమ్మను కొనుడు. వెల తగ్గింపుమని అడుగవచ్చును, తప్పులేదు. ఎందుకు తగ్గింపరాదో చీటీ చూపి చెప్పుట పిల్లలకు నేర్పియున్నాము. చిల్లర తెచ్చుకొనుడు.